నడిమి ముక్క ఎవరిది?

ధ్యానమునకు: రూతు 2:14–17; 1 సమూయేలు 30:21–25; అపొ. కార్యములు 6:1–6, 1 కొరింథీయులకు 11:20–34



ఈ మాసము ఒక రొట్టెను గూర్చి మీకు వ్రాయ నుద్దేశించితిమి. ఆ రొట్టె మంచిదే. దానిని చేసిన చేతులును మంచివే. అయినను దానిని పంచుకొన్న రాత్రి మేము సిగ్గుపడితిమి. ఆ సిగ్గును దాచుకొనుటకంటె మీ యెదుట ఒప్పుకొనుట మేలని తోచినది. ఏలయనగా ఇట్టిది మీ సంఘములో కూడ జరిగియుండవచ్చును, ఎవరును గమనింపకపోయి యుండవచ్చును.

మా సంఘపు కుమార్తె యొకతె పట్టణములో వంటవిద్య నేర్చుకొనుచున్నది. గత కోత పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె మాతో, “అయ్యగారూ, ఈసారి ప్రేమవిందులో పులిహోరతోపాటు ఒక కొత్త రొట్టె చేద్దామండీ. దానికి కత్తి అక్కర్లేదు. అందరూ చుట్టూ కూర్చుని చేత్తో విడదీసుకుని తినడమే” అని చెప్పెను. కత్తి అక్కరలేని రొట్టె! ఆ మాట మాకు సగము ప్రసంగమువలె వినబడెను. వెంటనే సరేయంటిమి.

ఈ రొట్టె మన ప్రాంతమున పుట్టినది కాదు. హంగేరీ దేశములో చిన్న చిన్న పిండి ఉండలను వెన్నలో ముంచి, పంచదారయు అక్రోటు పప్పును చల్లి, ఒకదానిమీద నొకటి పేర్చి కాల్చుదురు. వారి భాషలో దాని పేరునకు బంగారు ఉండలని అర్థము. అక్కడి యూదులు అమెరికాకు వలసపోయినప్పుడు దానిని వెంట తీసికొనిపోయి, తమ రొట్టె దుకాణములలో అమ్మిరి. అమెరికనులు దానికి కోతిరొట్టె యని వేడుకపేరు పెట్టిరి. 1980వ దశకములో అది వారి అధ్యక్ష భవనపు క్రిస్మసు బల్లమీదకు కూడ వచ్చెను. తీపికి బదులు వెల్లుల్లియు చీజును వేసినదే మేము చేసిన రకము. ఇట్లు అంటుకొని కాలి, చేతితో విడదీయబడు రొట్టె మన దేశమునకు బొత్తిగా క్రొత్తదియు కాదు. పోర్చుగీసువారి వలన గోవాకు వచ్చి, అక్కడినుండి బొంబాయికి చేరిన పావురొట్టెలు కూడ ఒకదానికొకటి అంటుకొని పలకవలె నుండును.

చీజు దొరల తిండి యని మా పెద్దలలో ఒకరు సందేహించిరి. కాని బైబిలు చదువువారికి ఈ పదార్థములన్నియు పరిచితములే. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఐగుప్తును తలంచుకొని ఏడ్చినప్పుడు వారికి జ్ఞాపకము వచ్చిన వాటిలో తెల్లగడ్డలు, అనగా మన వెల్లుల్లి, ఉన్నవి (సంఖ్యా 11:5). యెష్షయి తన కడపటి కుమారుడైన దావీదుచేత యుద్ధభూమికి పంపినవాటిలో పది రొట్టెలును పది జున్నుగడ్డలును ఉన్నవి (1 సమూ 17:17, 18). ఆ జున్ను, ఈనిన గేదె పాలతో మనము వండుకొను జున్ను కాదు. పాలను విరిచి, నీరు వడగట్టి, గడ్డకట్టించినది, అనగా చీజే. అయితే మన జున్నునకును ఒక మంచి వాడుక కలదు. గేదె ఈనిన ఇంటివారు జున్నుపాలను తామే త్రాగివేయక ఇరుగుపొరుగువారికి పంచుదురు. ఆ సంగతి చెప్పగా ఆ పెద్ద నవ్వి ఊరకుండెను.

చేయు విధము సులభమే. ఒక్కొక్క రొట్టెకు అర కిలో మైదా, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 7 గ్రాముల పొడి ఈస్టు, ఒక పెద్ద చెంచా పంచదార, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె తీసికొంటిమి. పది నిమిషములు బాగుగా పిసికి, తడిగుడ్డ కప్పి, పిండి రెండింతలగువరకు ఒక గంటసేపు ఉంచితిమి. తరువాత చిన్న నిమ్మకాయంత ఉండలు 30 చేసితిమి. పది వెల్లుల్లి రెబ్బలను దంచి, 100 గ్రాముల కరగిన వెన్నలో కొత్తిమీరతో కలిపితిమి. వెల్లుల్లి రెబ్బ పగులనంతవరకు దానికి అంత వాసన యుండదు. దంచిన తరువాతనే ఇల్లంతయు నిండును. ఒక్కొక్క ఉండను ఆ వెన్నలో దొర్లించి, గుండ్రని పళ్లెములో ప్రక్కప్రక్కన పేర్చి, నడుమ నడుమ 200 గ్రాముల తురిమిన చీజు చల్లి, మరి అరగంట పొంగనిచ్చితిమి. వెన్న లేనియెడల ఉండలన్నియు కలిసి ఒకే ముద్దయగును. చాల ఎడముగా పేర్చినయెడల వేటికవే విడి బన్నులగును. వెన్న పూసి, దగ్గరగా పేర్చినప్పుడు మాత్రమే అవి ఒకే రొట్టెగా కాలి, చేయి తగులగానే విడివడును.

పట్టణములోని బేకరీవాడు మధ్యాహ్నపు పని ముగిసిన తరువాత తన పొయ్యి మాకిచ్చెను. 180 డిగ్రీల వేడిలో అరగంట దాటి కొంతసేపు కాల్చగా, ఆరు రొట్టెలు ఎర్రగా, మెరయుచు బయటికి వచ్చినవి. పొయ్యి లేనివారు క్రిస్మసు కేకులకు చేయునట్లు మందపాటి గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి సన్నని సెగమీద కాల్చుకొనవచ్చును; కొంచెము ఎక్కువ సేపు పట్టును.

ఇక్కడ ఒక చిన్న సంగతిని గమనింపుడి. మా కథ దానిమీదనే నడచుచున్నది. ఇట్టి రొట్టెలో ముక్కలన్నియు సమానము కావు. నడుమనున్న ఉండకు అన్ని ప్రక్కల పొరుగువారున్నారు; గనుక అది మెత్తగా నుండి, దాని చుట్టును చీజు చేరును. మొజరెల్లా చీజును విరిగిన పాలగడ్డను వేడినీళ్లలో సాగదీసి చేయుదురు గనుక, ఆ నడిమి ముక్కను లాగినప్పుడు చీజు తీగలవలె సాగును. అంచునున్న ఉండకైతే ఒక ప్రక్క ఇనుప గోడయే. అది గట్టిపడును, త్వరగా ఆరిపోవును. ఒకే పిండి, ఒకే వెన్న, ఒకే పొయ్యి. అయినను అంచు అంచే, నడుమ నడుమే.

కోత పండుగనాటి సాయంకాలము గుడి ఆవరణములో చాపలు పరచి, ప్రార్థన చేసి, ఆరు రొట్టెలను ఆరు చోట్ల పెట్టితిమి. పిల్లలు చీజు తీగలను చూచి కేకలువేసిరి. పెద్దలును నవ్విరి. ఒకే రొట్టెలో పదిమంది చేతులు పెట్టుట మన దేశములో చిన్న సంగతి కాదు. మన తాతల కాలములో ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగకూడదో ఊరివారందరికి తెలిసియుండెను. ఆ చేతులన్నియు నేడు ఒకే రొట్టెమీద కలిసికొనుట చూచి మా హృదయము నిండెను. మేమిద్దరమును కూర్చుండి చెరి రెండు ముక్కలు తీసికొంటిమి. అవి నడిమివే యని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ఎనిమిది గంటలైన తరువాత మిగిలినవారు వచ్చిరి. ఆ దినము మబ్బు పట్టెను గనుక, కోసిన వరి తడిసిపోకుండ కుప్ప వేసి రావలసి వచ్చినది. ఎక్కువమంది స్త్రీలే. కాళ్లు కడుగుకొని, కొంగుతో ముఖము తుడుచుకొని, వెనుక చాపమీద కూర్చుండిరి. మేము రొట్టెలకొరకు చూడగా, పళ్లెములలో అంచు ముక్కలు మాత్రమే మిగిలియుండెను. చీజు లేదు. చల్లారి బిగుసుకొనియుండెను. వాటినే తీసికొనిపోయి ఇచ్చితిమి. కొందరికి అవియు అందలేదు.

మా ఇంటివారు ఒక ముసలమ్మ యెదుట వంగి, “క్షమించండమ్మా, మెత్తనివి అయిపోయినవి” అనిరి. ఆమె అంచు ముక్కను చేతిలో త్రిప్పి చూచి, నవ్వుచునే, “పర్లేదులెండి అమ్మగారూ, మాకు అంచులు అలవాటే” అనెను.

ఆమె నిష్ఠూరముగా అనలేదు. మమ్మును ఓదార్చుటకే అనెను. అందుచేతనే ఆ మాట మా నిద్రను పాడుచేసినది.

ఆ రాత్రి కాగితముమీద లెక్క వేసి చూచితిమి. ఆరు రొట్టెలకు 180 ముక్కలు. విందుకు వచ్చినవారు మొత్తము 110 మంది. తలకొక ముక్క చొప్పున అందరికి ఇచ్చినను 70 మిగులవలెను. కాని ముందు వచ్చిన 75 మంది రెండేసి తీసికొనగా 150 పోయినవి. మిగిలిన 30 ముక్కలు వెనుక వచ్చిన 35 మందికి చాలలేదు. తిండిపోతు ఎవరును లేడు. ఎవరును దొంగిలలేదు, అబద్ధమాడలేదు, ఒకరి చేతిలోనిది లాగుకొనలేదు. రెండు ముక్కలు తీసికొనుట పాపమని ఏ ఆజ్ఞయు చెప్పుట లేదు. అయినను పగలంతయు వంగి పనిచేసినవారికి ఆ రాత్రి అన్యాయము జరిగినది. తప్పు చేసినవాడు కనబడకుండ తప్పు జరుగునా? ఈ ప్రశ్నయే మమ్మును పట్టుకొనినది.

చాల దినములు ఆలోచించిన మీదట మాకు దొరకిన జవాబు ఇది. మనము మన భాగమును తీసికొనునప్పుడు ఎదుట కూర్చున్నవానిని చూచి తీసికొందుము. అతని పళ్లెము ఖాళీగా నున్నయెడల మన చేయి తనంతట తానే ఆగును. కాని ఇంకను రానివాని పళ్లెము మనకు కనబడదు. అతని ఆకలి కనబడదు గనుక అతని భాగమును కనబడదు. కనబడని భాగమును ఒక్కడే పూర్తిగా తినడు; అందరును తలకొంచెము తినివేయుదురు. కనుక ప్రతివాని మనస్సాక్షియు శుభ్రముగానే యుండును, పళ్లెము మాత్రము ఖాళీయగును. లోకములోని అన్యాయములలో చాల భాగము ఇట్టిదే యని మాకు తోచుచున్నది. దుర్మార్గుని పిడికిలివలన జరుగునది కొంత. మంచివారి రెండవ ముక్కవలన జరుగునది ఎంతో.

వాక్యములో వెదకితిమి. కొరింథు సంఘములో జరిగినది కూడ ఇదే. కలిసి భుజించుటకు కూడి వచ్చినవారిలో ఒకడు ఆకలితో నుండగా మరియొకడు మత్తుడగుచుండెనని అపొస్తలుడు వ్రాయుచున్నాడు. కొరింథులో దాసులును కూలివారును తమ యజమానుల పని తీరిన తరువాతనే రాగలిగినవారు. సాయంకాలము వారి చేతిలో లేదు. ధనవంతుల సాయంకాలము వారి చేతిలోనే యున్నది. పౌలు దీనిని వంటశాల విషయమని తీసివేయలేదు. పేదలను సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయే యని గద్దించి, కడకు ఒక చిన్న ఉపదేశము చేసెను: భోజనమునకు కూడి వచ్చునప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనియుండవలెను (11:33). గొప్ప సిద్ధాంతము కాదు. కూర్చుండి ఎదురుచూచుట, అంతే. మేము ఆ అధ్యాయమును ప్రభువు బల్లయొద్ద ఎన్నిసార్లు చదివియుందుమో! చాపమీద కూర్చున్నప్పుడు ఒక్కసారియు జ్ఞాపకమునకు రాలేదు.

యెరూషలేము సంఘమైతే ఆత్మతో నిండిన సంఘము. ఇంటింట రొట్టె విరుచుచు, ఆనందముతో భుజించినవారని రెండవ అధ్యాయములో చదువుచున్నాము. అట్టి సంఘములోనే, నాలుగు అధ్యాయములు గడవకమునుపే, అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు చిన్నచూపు చూడబడిరని సణుగు పుట్టెను. అపొస్తలులు ఏమి చేసిరి? ఎక్కువగా ప్రేమించుడని ప్రసంగించి ఊరకుండలేదు. ఏడుగురు మనుష్యులను ఏర్పరచుకొనుడని శిష్యులతో చెప్పి, వారిని ఆ పనిమీద నియమించిరి. ప్రేమయున్నచోట కూడ ఏర్పాటు కావలెను. మేము రొట్టెకు కత్తి అక్కరలేదని సంతోషించితిమి గాని, కత్తి లేని రొట్టెకు కాపరి కావలెనని తలంచలేదు.

దావీదును గూర్చి కూడ ఒక మాట. అతడు చిన్నవాడై యుద్ధభూమికి పోయినప్పుడు రొట్టెలు తన అన్నలకును, జున్నుగడ్డలు సహస్రాధిపతికిని తీసికొనిపోయెను. లోకములో చీజు ఎప్పుడును ఎటు పోవునో తండ్రియైన యెష్షయికి బాగుగా తెలియును! ఆ బాలుడే పెద్దవాడై, అమాలేకీయులను తరిమి దోపుడు సొమ్ముతో తిరిగి వచ్చినప్పుడు, అలసిపోయి బెసోరు వాగునొద్ద నిలిచిపోయిన రెండువందల మందికి భాగమియ్యకూడదని కొందరు పట్టుబట్టిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామానునొద్ద ఉన్నవానికిని సమభాగమే యని కట్టడ చేసెను. పంపకము జరుగుచోట లేనివాని భాగమును ముందుగా నిలిపి ఉంచుట రాజు చేయవలసిన మొదటి పని యని అతడు గ్రహించెను.

ఇవన్నియు చదివినను ముసలమ్మ మాట మమ్మును విడువలేదు. అంచులు అలవాటే. ఆ మాటకు సరియైన జవాబు రూతు గ్రంథములో దొరకినది.

పొలము కోయునప్పుడు అంచులను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రము (లేవీ 19:9, 10). ఇది గొప్ప కనికరముగల చట్టము. అంచులో పండిన గింజకును నడుమ పండిన గింజకును రుచిలో భేదములేదు గనుక అందులో అవమానమును లేదు. అయితే మనుష్యుల బల్లమీదికి వచ్చునప్పటికి ఆ చట్టము వేరొక రూపము దాల్చును. నడుమ మనకు, అంచు వారికి అని మన చేయి నేర్చుకొనును. క్రొత్త వస్త్రము మనకు, పాతది వారికి. వేడి అన్నము మనకు, చద్ది వారికి. ముందు బెంచీ మనకు, వెనుక చాప వారికి. ఇచ్చితిమి గదా యని తృప్తిపడుదుము. ఇచ్చిన మాట నిజమే. అంచు ఇచ్చితిమి.

బోయజు చట్టమును ఎరిగినవాడు. రూతును అంచులయొద్ద ఏరుకొననిచ్చి ఊరకుండినయెడల అతనిని తప్పుపట్టువాడు లేడు. అతడు ఆమెను కోయువారి యొద్ద కూర్చుండబెట్టి, తానే పేలాలు అందించెను. ఆమె తృప్తిగా తిని కొంత మిగిల్చెను. తరువాత అతడు తన పనివారితో రహస్యముగా చెప్పినది మరి గొప్పది. పనలలోనుండి పిడికెళ్లు లాగి ఆమెకొరకు విడిచిపెట్టుడి, ఆమెను గద్దింపకుడి అనెను. పనలు అంచువి కావు. కోసి, కట్టి, ఇంటికి మోయవలసిన సొంత పంట. ధర్మశాస్త్రము అంచును విడిచినది. ప్రేమ కట్టిన పనను విప్పినది. అదియును ఆమె సిగ్గుపడకుండ, తానే ఏరుకొన్నట్లు తలంచునట్లుగా చేసినది.

మన తెలుగు సంఘములలోని అవ్వలకు ఈ పాఠము తెలిసియుండెను. వారు పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చెడివారు. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు, క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఒక గ్రంథమే వ్రాసినవారు, బీదవాడును ఇయ్యగలడని గ్రామ సంఘములకు నేర్పిరి. ఆ పిడికెడు బియ్యములో ఒక జ్ఞానమున్నది. తినిన తరువాత మిగిలినది కాదది. వండకమునుపే తీసినది. ఇంటిలో బియ్యము తక్కువైన దినమున కూడ ముందుగా తీసినది. అంచు ఏదో నడుమ ఏదో ఏర్పడకమునుపే దేవుని భాగము ప్రక్కన పెట్టబడినది.

కొందరు మాతో, “అంత బాధెందుకండీ? కత్తితో సమానంగా కోసి తలకో ముక్క ఇచ్చేస్తే సరిపోదా?” అనిరి. మంచి సలహాయే. కరవు కాలమున, ఆసుపత్రిలో, జనము ఎక్కువైన చోట అట్లే చేయవలెను. కాని కత్తి ముక్కలను లెక్కపెట్టగలదు గాని మనుష్యులను ఒకరివైపు ఒకరిని త్రిప్పలేదు. మరియు, ఒకే రొట్టెమీద మన చేతులన్నియు కలిసికొనుట ఎంత వెల పెట్టి కొనబడినదో మనకు తెలియును. ఒక రాత్రి పొరపాటు జరిగినదని ఆ భాగ్యమును విడిచిపెట్టుటకు మాకు మనస్సు రాలేదు. చేతులను ఉండనిచ్చి వాటికి ఆగుట నేర్పవలెనని నిశ్చయించుకొంటిమి.

ఈస్టరు సాయంకాలమున మరల ఆ రొట్టెలు చేసితిమి. నేర్పిన అమ్మాయి ఊరిలో లేదు గనుక రెండు రొట్టెలు సరిగా పొంగలేదు. ఆ తప్పు మాదే. ఈసారి ప్రార్థనకు ముందే ప్రతి రొట్టెయొక్క నడిమి ముక్కలను తీసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, మూతగిన్నెలో పెట్టితిమి. మిరపకాయలు ఏరుటకు పోయినవారికిని, మంచముపట్టిన ఇద్దరికిని అవి. గిన్నెకు కావలి పిల్లలనే ఉంచితిమి. ఒక పిల్లవాడు, “రానోళ్లకి మంచివెందుకు?” అని అడిగెను. వచ్చిన తరువాత వారినే అడుగుమని చెప్పితిమి.

ఒక పెద్ద మాత్రము ఒప్పుకొనలేదు. “ముందొచ్చినోళ్లకి అంచులా, వెనకొచ్చినోళ్లకి నడుమా? ఇదేం న్యాయం అయ్యగారూ?” అని గట్టిగానే అడిగెను. ద్రాక్షతోటలో సాయంకాలము వచ్చిన కూలివారి కథ ఆయనకును తెలియును, మాకును తెలియును. గనుక దానిని మరల చెప్పలేదు. కోత పండుగనాడు స్త్రీలు కుప్ప వేసి ఆలస్యముగా వచ్చిన ఆ పొలము ఆయనదే యని కూడ మేము నోటితో అనలేదు. ఆయన కొంతసేపు ఊరకుండి, అంచు ముక్క నొకటి విడదీసి తినెను. ఇప్పటికిని ఆయన ఒప్పుకొన్నట్లు మాకు తోచదు. తినెను గదా, ప్రస్తుతమునకు అది చాలును.

ఏడున్నరకు వారు వచ్చిరి. గిన్నె మూత తీసినప్పుడు వెల్లుల్లి వాసన ఇంకను ఉండెను. ముసలమ్మకు నడిమి ముక్క ఇచ్చితిమి. ఆమె దానిని వెంటనే తినలేదు. రెండుగా విరిచి, ఒక సగమును కొంగున ముడివేసికొనెను. ఎవరికమ్మా అని అడుగగా, “మా పక్కింటామె జ్వరంతో పడుందండీ, గుడికి రాదు, మనోళ్లు కాదు” అనెను. అప్పుడు మిగిలిన సగమును తినెను.

మేము పుస్తకములు త్రిప్పి, లెక్కలు వేసి, నాలుగు నెలలకు నేర్చుకొన్న పాఠమును ఆమె కొంగున ముడివేసికొని ఇంటికి పోయెను. మేము సంఘములోని రానివారిని మాత్రమే లెక్కపెట్టితిమి. ఆమె గుడి గడప దాటి లెక్కపెట్టెను. అంచులు అలవాటైన చేయి నడిమి ముక్క దొరకినప్పుడు ఏమి చేయునో ఆ రాత్రి చూచితిమి.

ప్రియులారా, మీ ఊరిలో ఈ రొట్టె చేయుదురో చేయరో మాకు తెలియదు. చేసినయెడల పిండిని తొందరపడక పొంగనియ్యుడి, వెల్లుల్లిని మాడనియ్యకుడి. రొట్టె లేకపోయినను నడిమి ముక్క మన అందరి యొద్ద ఏదో యొక రూపమున ఉన్నది. కూలివారిని పండుగనాడు ఒక గంట ముందుగా పొలమునుండి విడిచిపెట్టుట నడిమి ముక్కయే. సంఘ కూడికకు గడియారము పెట్టునప్పుడు పనికి పోవువారిని ముందుగా అడుగుట నడిమి ముక్కయే. ఇంటిలో అందరికి వడ్డించి కడపట కూర్చుండు తల్లికి కూర గిన్నెలో మంచి ముక్క ఉంచుట నడిమి ముక్కయే. ఈ మాసములో భోజనమునకు కూర్చున్న ప్రతిసారి, చేయి చాపకమునుపు, ఇంకను రానివారు ఎవరని ఒక్కసారి మనలను మనము అడుగుకొందము.

ప్రార్థన: ప్రభువా, మేము చూడని పళ్లెములను నీవు చూచుచున్నావు. మా రెండవ ముక్కను క్షమించుము. రానివారికొరకు ఆగు చేతులను మాకు దయచేయుము. ఆమేన్.